వరస కలిపి తెచ్చిన కేసులు

సూరత్‌లో ఆరోగ్య కార్యకర్తగా నేను చేసిన ఉద్యోగం గురించి నాలుగు మాటలు రాయమని మా తెలుగు సమాజం వాళ్ళు అడిగారు. మన పిల్లలు కొందరు కొత్తగా ఈ పనిలో చేరుతున్నారట, వాళ్ళకు పనికొస్తుందన్నారు. ఎక్కడెక్కడ పనిచేశానో, ఎప్పుడు ఏ హోదా వచ్చిందో రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. దోమల మందు కొట్టించడం, మలేరియాకు రక్తం చుక్క తీయడం, పోలియో చుక్కలు వేయించడం శిక్షణలో మీకు బాగానే నేర్పుతారు. కుటుంబ నియంత్రణ కోసం ఒక ఇంట్లోకి వెళ్ళినప్పుడు ఎవరితో మాట్లాడాలో మాత్రం ఎవరూ నేర్పరు. ఆ పనిలో నన్ను అందరూ మొనగాడినన్నారు. నేను ఎక్కువ తప్పులు చేసింది కూడా ఆ పనిలోనే. అందుకని అదొక్కటే రాస్తాను.

మీదే ఊరు?

నేను పుట్టింది సిరిసిల్ల పక్కన. మా నాన్న సాంచాల పని, అంటే మరమగ్గాల పని కోసం సూరత్ వచ్చినప్పుడు నేను బడికి పోయే పిల్లవాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో గుజరాతీ. ఈ ఉద్యోగం రావడానికి గుజరాతీ పనికొచ్చింది. ఉద్యోగంలో పేరు రావడానికి తెలుగు పనికొచ్చింది.

సూరత్‌లోని ఉన్ వాడలో గానీ, ఖటోదరాలో గానీ మన నేతవాళ్ళ తలుపు తడితే నేను అడిగే మొదటి మాటకు ఆరోగ్యంతో సంబంధం ఉండేది కాదు. "మీదే ఊరు? ఇంటిపేరేంది?" అనేవాణ్ణి. ఎవరి మేనత్త ఎవరింట్లో పడిందో, ఎవరి చిన్నాయన ఏ ఊరి అల్లుడో తవ్వుకుంటూ పోతే చాయ్ మరిగేలోపు ఏదో ఒక వరస తేలేది. తేలకపోతే నేనే తేల్చేవాణ్ణి. "అట్లయితే నువ్వు నాకు పెద్దమ్మవైతవు" అంటే ముసలామె మొహం విప్పారేది. పొద్దంతా సాంచాల చప్పుడులో, ఎవరి మాట ఎవరికీ వినబడని చోట బతికే మనుషులు వాళ్ళు. అట్లాంటి చోట చుట్టం దొరికితే ఎంత సంబరపడతారో చూసినవాళ్ళకే తెలుస్తుంది. చాప పరిచేవారు. సర్వపిండి చేసిన రోజైతే గిన్నె అడుగున కరకరలాడే ముక్క నాకోసం తీసిపెట్టేవారు. ఆ ముక్కల రుచి నాకు ఇప్పటికీ ఇష్టం.

వరస కలిసిన తర్వాత నేను ఏం చెప్పినా కాదనడం వాళ్ళకు కష్టం. సర్కారు మనిషికి వద్దని చెప్పొచ్చు. పెద్దమ్మ కొడుక్కి ఎట్లా చెబుతారు? తోటి కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చెప్పులు అరగదీసుకుంటుంటే, నేను చాప మీద కూర్చుని చాయ్ తాగి కేసు తెచ్చేవాణ్ణి. కేసు అంటే మా భాషలో ఆపరేషన్‌కు ఒప్పుకున్న ఆడమనిషి. ఆమె పేరు కూడా చెప్పుకునేవాళ్ళం కాదు. "ఉన్ నుంచి ఒక కేసు, పల్సానా రోడ్డు నుంచి ఒక కేసు" అనేవాళ్ళం.

మన ఇళ్ళలో ఇద్దరు పుట్టగానే ఆపరేషన్ చేయించుకోవడం అప్పటికే అలవాటు. పురిటికి ఊరికి పోయిన ఆడపిల్లలు అక్కడే చేయించుకుని వచ్చేవారు. అంటే నేను తెచ్చిన కేసుల్లో చాలామంది నేను లేకపోయినా ఒప్పుకునేవారే. అదంతా నా మాటకారితనం అనుకుని చాలా ఏళ్ళు మురిసిపోయాను.

దేశాయి సాహెబ్

మా వైద్యాధికారి దేశాయి సాహెబ్ భారీ మనిషి. అంత ఒంటితో ఇరుకు సందుల్లోకి సైకిల్ మీద వచ్చేవాడు. శనివారం నాడు మా అందరికీ లోచో అనే సెనగపిండి ఫలహారం తెప్పించేవాడు. నూనె, సేవ్ వేసిన ఆ వేడి లోచో పొట్లాలు విప్పుకుంటూ వారం లెక్క చెప్పాలి. లెక్క బాగుంటే ఇంకో పొట్లం. బాగా లేకపోతే తినేటప్పుడు ఏమీ అనేవాడు కాదు, చేతులు కడుక్కున్నాక అనేవాడు.

టార్గెట్లు తీసేశామని పైనుంచి కాగితం వచ్చి చాలా కాలమైంది. మా గోడ మీద మాత్రం అంకెలు అలాగే ఉండేవి. టార్గెట్ అనే మాట బదులు అంచనా అని రాశారు, అంతే. మార్చి నెల వచ్చిందంటే సాహెబ్‌కు నిద్ర ఉండదు, మాకు ఉండనివ్వడు. ఆ నెలలో ఆయన ఎవరి పెళ్ళికీ పోయేవాడు కాదు. పెళ్ళి చూస్తే భయమేస్తుందనేవాడు.

ఆయనకు జనం ఇంకెందుకు కంటున్నారనే చిరాకు ఉండేదనుకునేరు. అదేం లేదు. ఒకసారి జీపులో వస్తూ చెప్పాడు. డాక్టరైన కొత్తలో ఒక పల్లెలో ఉన్నప్పుడు, ఎన్నో కాన్పు అంటే లెక్క మరచిపోయానని చెప్పిన ఒకామె ఆయన చేతుల్లో పోయిందట. రక్తం ఆగలేదు. ఆమె పెద్ద కూతురు గుమ్మంలో నిలబడి, ఇప్పుడు వంట ఎవరు చెయ్యాలని అడిగిందట.  అంకెల వెనక ఆయనకు ఎప్పుడూ ఆ గుమ్మం కనబడేదనుకుంటాను.

పిల్లలూ, ఇది మీకు చెప్పాల్సిన మాట. చెడ్డ అధికారి తప్పు పని చెయ్యమంటే మనసు అడ్డు తిరుగుతుంది, ఏదో సాకు చెప్పి తప్పుకుంటాం. మంచి అధికారి, మనల్ని ప్రేమగా చూసే అధికారి చెప్పినప్పుడే చిక్కు. ఆయన్ని సంతోషపెట్టాలనిపిస్తుంది. నేను చేసిన తప్పుల్లో సగం దేశాయి సాహెబ్ మీది ప్రేమతో చేసినవే. ఆ సగం ఆయన ఖాతాలో వెయ్యడం లేదు. అడుగు వేసింది నా కాళ్ళే.

పద్మ

ఉన్‌లో ఒక వరస గదుల ఇంట్లో రాజవ్వ అనే ముసలామె ఉండేది. అది మార్చి నెల. నాకు ఆ నెలలో ఇంకా కేసులు కావాలి. రాజవ్వ కొడుకు సాంచాల మీద పని చేసేవాడు. కోడలు పద్మకు ఇరవై దాటి ఒకటో రెండో ఉంటాయి. పెద్దది ఆడపిల్ల, చిన్నవాడు చంటివాడు. ఒక ఆడ, ఒక మగ. మా లెక్కలో అంతకంటే సులువైన ఇల్లు ఉండదు.

ఊరు అడిగాను, ఇంటిపేరు అడిగాను. రాజవ్వ పుట్టినూరు మా అమ్మ పుట్టినూరికి పక్కనే. చాయ్ రాకముందే పెద్దమ్మ అయిపోయింది. ఆమె కొడుకు నాకు తమ్ముడయ్యాడు.

ఇక్కడే నేను చేసిన పని నాకు అప్పుడు అర్థం కాలేదు. రాజవ్వ నాకు పెద్దమ్మ అయితే పద్మకు నేనేమవుతాను? బావగారిని అవుతాను. మన ఇళ్ళలో పెనిమిటి అన్న ముందు కోడలు కూర్చోదు, ఎదురుపడి మాట్లాడదు. అంతకు ముందు నేను గుమ్మంలో నిలబడి పేర్లు రాసుకుంటున్నప్పుడు పద్మ బాగానే జవాబులు చెప్పింది. పిల్లవాడి పేరు శ్రీకాంత్ అని నవ్వుతూ చెప్పింది. వరస కలిసిన నిమిషం నుంచి కొంగు తలమీదికి లాక్కుని తలుపు వెనక్కి పోయింది. చాయ్ కప్పు కూడా అత్త చేతికిచ్చి పంపింది. ఆ ఇంట్లో మాట్లాడాల్సిన ఒకే ఒక్క మనిషి నోరు నేనే మూయించాను. చాప మీద కూర్చుని రాజవ్వతో ఆపరేషన్ సంగతి మాట్లాడాను. ఆమె సరేనంది. అక్కడి నుంచి సాంచాల కార్ఖానాకు పోయి, రాజవ్వ కొడుకుతో సాంచా పక్కన నిలబడి గట్టిగా అరిచి మాట్లాడాను. అతనూ తల ఊపాడు. సాయంత్రానికి ఆటో మాట్లాడాను. తలుపు వెనక మనిషి ఏమనుకుంటుందో తెలుసుకోవాలని నాకు తోచనే లేదు. అడగాలని తోచి మానేశానని చెబితే కొంచెం గౌరవంగా ఉంటుంది. తోచలేదు.

ఆపరేషన్ రోజు ఒప్పుదల కాగితం మీద గుర్తు పెట్టించాలి. చాలామంది ఉన్నారు, సాహెబ్ తొందరపెడుతున్నాడు. నేను ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాను. పద్మ ఒక క్షణం పెన్ను వైపు చూసింది. తర్వాత వేలు ముద్ర వేసింది. ఆమె ఏడో తరగతి దాకా చదువుకుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఆమెను లోపలికి తీసుకుపోయాక చంటివాడు ఏడుపు మొదలుపెట్టాడు. రాజవ్వ వల్ల కాలేదు. నేనే ఎత్తుకుని వరండాలో తిప్పాను. నా చొక్కా తడిపి, గుండీ నోట్లో పెట్టుకుని నిద్రపోయాడు. ఆ రోజు నేను చాలా మంచిపని చేశాననుకున్నాను. ఆపరేషన్ బాగా జరిగింది. పద్మకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇద్దరు పిల్లలూ ఏపుగా పెరిగారు. చెడు ఏమీ జరగలేదు కాబట్టి తప్పేమీ జరగలేదని నా లెక్క. ఈ లెక్క మా డిపార్ట్‌మెంటులో అందరిదీ.

నా ఇంట్లో

దీపావళికి సాంచాలు బందయినప్పుడు మగవాళ్ళందరూ ఇళ్ళలో ఉంటారు. అప్పుడు మగవాళ్ళ ఆపరేషన్ గురించి చెప్పమని సాహెబ్ పంపేవాడు. అది చిన్న పని, కుట్టు కూడా పెద్దగా ఉండదు, రెండు రోజుల్లో సాంచా దగ్గరికి పోవచ్చు అని నేను ధాటిగా చెప్పేవాణ్ణి. వాళ్ళు నూలు చుట్టిన బీములు ఎత్తే బలం పోతుందని భయపడేవారు. అట్లా పోదని, అదంతా అపోహ అని వాదించేవాణ్ణి. ఒకసారి ఒకతను పేకముక్కలు పంచుతూ, "అన్నా, నువ్వు చేపిచ్చుకున్నవా మరి?" అని అడిగాడు. అందరూ నా మొహం చూశారు. నేను దగ్గు వచ్చినట్టు దగ్గాను.

మా ఇంట్లో ఆపరేషన్ మా ఆవిడ స్వరూపకు జరిగింది. మా రెండోవాడు పుట్టిన తర్వాత. ఊరందరికీ అపోహ అని చెప్పిన నాకు కూడా లోపల ఆ భయమే. ఆ మాట ఆమెతో అనలేదు. నాకు సెలవు దొరకదన్నాను.  ఆ తర్వాత ఎప్పుడు నేను ఇంట్లో ఏ పని తప్పించుకున్నా స్వరూప, "ఔ తియ్, నీకు సెలవు దొరకదు గద" అంటుంది. రిటైర్ అయ్యాక కూడా అంటోంది. ఈ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు నవ్వు తెప్పించిందో చెప్పలేను. నేను కూడా నవ్వుతాను. నవ్విన ప్రతిసారీ ఆమె చెప్పింది నిజమని ఇద్దరికీ తెలుసు.

గంగ

సర్కారు బలవంతం ఒక్కటే తప్పు అనుకుంటే సగమే అర్థమైనట్టు. ఖటోదరాలో గంగ అని ఒకామె ఉండేది. ఇద్దరూ ఆడపిల్లలు. ఒకరోజు నల్లా దగ్గర బిందె పెట్టి, ఎవరూ లేరని చూసుకుని, "అన్నా, నా పేరు రాసుకో. ఇగ నాతోని కాదు" అంది. నాకు కేసు కావాలి, ఆమె తానై అడుగుతోంది. అయినా నేను రాసుకోలేదు. మీ అత్తనడిగి చెప్పు అన్నాను. ఆ అత్త నాకు చిన్నమ్మ వరస. ఆమెకు మనవడు కావాలి. మనవడు లేకుండా కోడలికి ఆపరేషన్ చేయించానని తెలిస్తే ఆ వాడలో నాకు చాప పరిచేవాళ్ళు ఉండరు.

ఆ తర్వాత గంగ రెండు కాన్పులు మోసింది. రెండోసారి మగపిల్లవాడు పుట్టాడు. ఆమెకు రక్తం తగ్గిపోయి, జుట్టు రాలిపోయి, నా వయసు మనిషిలా అయిపోయింది. ఇప్పటికీ ఆ దారిన పోతే పిలిచి చాయ్ ఇస్తుంది. ఆ మగపిల్లవాణ్ణి నా ముందుకు తోసి, అంకుల్‌కు దండం పెట్టు అంటుంది. నల్లా దగ్గర నన్ను అడిగిన సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. మరచిపోయిందని అనుకోవాలని నాకు ఉంటుంది.

చూడండి, పద్మను చేయించుకొమ్మన్నప్పుడూ, గంగను వద్దన్నప్పుడూ నేను అడిగింది ఒకే మనిషిని. అత్తగారిని.

పోలియో బూత్ దగ్గర

చాలా ఏళ్ళు గడిచాయి. రాజవ్వ పోయింది. ఒక ఆదివారం ఉన్‌లో పోలియో బూత్ పెట్టుకుని కూర్చున్నాను. పద్మ పక్కింటి పిల్లను చంకనేసుకుని వచ్చింది. అప్పటికి ఆమె ఇంట్లోనే చీరలకు రాళ్ళు అంటించే పని చేస్తోంది. చుట్టూ పదిమంది ఆడవాళ్ళకు పని ఇప్పించేది కూడా ఆమే. తల మీద కొంగు లేదు, మాటకు తడుముకోవడం లేదు. నన్ను బావా అని పిలుస్తూనే నాలుగు చురకలు వేస్తుంది. ఆ రోజు పిల్ల నోట్లో చుక్కలు పడ్డాక పోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బావా, నిన్నొక మాట అడుగుత. కోపం జెయ్యొద్దు" అంది.

అడగమన్నాను.

"నా ఆపరేషన్‌కు నువ్వు మా అత్తనడిగినవ్. మా ఆయనను సాంచా కాడికి పోయి మరీ అడిగినవ్. ఆటోవానితోని బేరం గూడ మాట్లాడినవ్. నన్నొక్కదాన్నే అడగలే. ఎందుకు?"

పక్కన వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను. నువ్వు తలుపు వెనకాల ఉంటివి గదా అన్నాను.

"నువ్వు బావవైతివి. ఇగ నేను తలుపు ముందటికి ఎట్ల వస్త?" అంది.

ఆమె మొహంలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.  అంతలో ఇంకో పిల్లవాడు ఏడుస్తూ వచ్చాడు, పద్మ లేచి వాడి దవడలు పట్టుకుంది, నేను చుక్కలు వేశాను. ఆమె వెళ్ళిపోయింది.

ఆ మాటతో నేను మారిపోయానని రాస్తే చదవడానికి బాగుంటుంది. మారలేదు. ఆ తర్వాతి మార్చిలో మళ్ళీ పెద్దమ్మల దగ్గరే చాప మీద కూర్చున్నాను. కాకపోతే అప్పుడప్పుడు తలుపు వైపు చూసేవాణ్ణి. తర్వాత్తర్వాత, కోడలితో మా జ్యోత్స్నాబెన్ మాట్లాడుతుంది అనడం మొదలుపెట్టాను. జ్యోత్స్నాబెన్ మా కేంద్రంలో గుజరాతీ నర్సు, బెన్ అంటే అక్క. ఇంజెక్షన్ ఇస్తూ కూడా జోకులు వేసే మనిషి. ఆమె మాట్లాడితే కొందరు ఆపరేషన్ అన్నారు, కొందరు కాపర్-టి అన్నారు, కొందరు ఇప్పుడేమీ వద్దన్నారు. నా కేసులు తగ్గాయి. దేశాయి సాహెబ్ అప్పటికి రిటైర్ అయ్యాడు. కొత్త అధికారి నీ చెయ్యి పడిపోయిందయ్యా అన్నాడు. నాకు బాధేసింది. ఆ బాధ కూడా రాస్తున్నాను, ఎందుకంటే మీకూ వేస్తుంది.

బెంచీ మీద

నా ఉద్యోగం చివరి చలికాలంలో ఒక ఉదయం పద్మ మా కేంద్రానికి వచ్చింది. వెంట కోడలు కావ్య. నా చొక్కా గుండీ చీకుతూ నిద్రపోయిన శ్రీకాంత్ భార్య. చేతిలో చంటివాడు. పెద్దది బాల్వాడిలో ఉందట.

"బావా, దీనికి ఆపరేషన్ రాసెయ్. ఒక పోరి, ఒక పోరడు అయినరు. ఇగ చాలు" అంది పద్మ. చలికాలంలోనే అయిపోతే మంచిదని, తన రాళ్ళ పనికి కూడా ఇప్పుడే కొంచెం వీలు ఉందని చెప్పింది. శ్రీకాంత్‌ను అడిగావా అంటే, అమ్మ ఎట్లంటే అట్ల అన్నాడంది. కావ్య గోడ మీది మలేరియా బొమ్మ చూస్తూ నిలబడింది.

నేను పద్మను పక్కకు పిలిచి, జ్యోత్స్నాబెన్ ముందు కావ్యతో ఒంటరిగా మాట్లాడుతుందన్నాను.

పద్మకు నచ్చలేదు. "నేనేమన్న పరాయిదాన్నా? నేను చేపిచ్చుకోలేదా? నాకేమైంది? మంచిగనే ఉన్న గద" అంది.

 అది నా లెక్క. ఏ చెడూ జరగలేదు కాబట్టి తప్పూ జరగలేదనే లెక్క. ఆమెకు నేనే నేర్పినట్టుంది.

నువ్వొక్కదానివే కాదు, నేనూ బయటే కూర్చుంటానన్నాను. కావ్య మా వైపు తిరిగింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఆ తరం వాళ్ళకు వరసల గొడవ లేదు. పద్మకు నేను బావనని తెలిసినా నన్ను అంకుల్ అనే పిలుస్తుంది.

"అంకుల్, ఇవన్ని తెలుగుల చెప్పనీకి నాకు షరమ్ అనిపిస్తది. బెన్‌తోని గుజరాతీల అయితే చెప్త" అంది.

చంటివాణ్ణి అత్తగారి చేతికిచ్చి లోపలికి పోయింది. జ్యోత్స్నాబెన్ తలుపు వేసింది.

పద్మా నేనూ బెంచీ మీద కూర్చున్నాం. ఆమె పిల్లవాణ్ణి ఒడిలో ఊపుతూ కాసేపు సణిగింది. మన తెలుగు వైపు పెద్ద పెద్ద నాయకులు ఇప్పుడు పిల్లల్ని ఎక్కువ కనమంటున్నారని ఫోన్‌లో చూసిందట. "అప్పుడేమో బంద్ చెయ్యుమన్నరు, ఇప్పుడేమో కనుమంటున్నరు. ఆడోళ్ళ కడుపేమన్న సాంచానా బావా, వాళ్ళిష్టం వచ్చినప్పుడు స్విచ్ వెయ్యనీకి?" అంది. బాగా అన్నావన్నాను. లోపలి నుంచి జ్యోత్స్నాబెన్ నవ్వు వినబడింది, తర్వాత కావ్య గొంతు. ఏమంటోందో తెలియదు. పద్మ తల తలుపు వైపు వంచింది. నేనూ చెవి రిక్కించానని ఒప్పుకుంటున్నాను. గోడ మందంగా ఉంది.

అప్పుడు నేను అడిగాను. ఎన్నో ఏళ్ళుగా అడగాల్సింది.

"పద్మా, ఆ రోజు నిన్ను అడిగి ఉంటే ఏమనేదానివి?"

ఆమె ఊపడం ఆపింది. ఏదో చురక వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. పిల్లవాడి పాదం చేతిలోకి తీసుకుంది.

"ఏమో బావా. ఎవ్వలు అడగలే. ఎవ్వలు అడగకపోతే నేను గూడ నన్ను అడుక్కోలే. ఇప్పుడు యాదికి తెచ్చుకుందమన్నా, అప్పుడు నాకేం గావాల్నో నాకే తెల్వదు" అంది.

వద్దనేదాన్ని అని ఆమె అంటే నేను క్షమాపణ అడిగేవాణ్ణి. సరే అనేదాన్ని అంటే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. రెండింటికీ నేను సిద్ధపడి ఉన్నాను. ఈ జవాబుకు మాత్రం సిద్ధపడలేదు. ఒక మనిషికి తన మనసు తనకు తెలియాల్సిన ఆ ఒక్కరోజును నేను చాయ్ తాగుతూ వాడుకున్నాను. అది తిరిగి ఇచ్చేది కాదు. తప్పయిందని అన్నాను. ఆమె తల ఊపింది. దేనికి ఊపిందో నేను అడగలేదు.

తలుపు తెరుచుకుంది. కావ్య వచ్చి అత్తగారి ఒళ్ళోంచి పిల్లవాణ్ణి తీసుకుంది.

"ఏం జెప్పినవే?" అంది పద్మ.

"నాకెట్ల కావాల్నో అట్ల చెప్పిన అత్తమ్మా."

"ఎట్ల గావాలె?"

"ముందుగాల శ్రీకాంత్‌కు చెప్త. తర్వాత మీకు చెప్త" అంది కావ్య. నెమ్మదిగానే అంది, పిల్లవాడి టోపీ సర్దుతూ.

పద్మ నా వైపు తిరిగి, "చూసినవా బావా, దీని జోరు" అంది.  చంటివాడి సంచి భుజానికి వేసుకుని కోడలి వెనక మెట్లు దిగింది. గేటు దగ్గర ఎండ ఎక్కువగా ఉందేమో, తన కొంగు తీసి పిల్లవాడి మీద కప్పడం కనబడింది.

జ్యోత్స్నాబెన్ గుమ్మంలో నిలబడి ఉంది. అడిగితే నాకు చెప్పేది, అన్నేళ్ళు కలిసి పనిచేసినవాళ్ళం. నా ఉద్యోగంలో ఒక ఇంటి ఆడమనిషి ఏం చెయ్యబోతోందో తెలియకుండా నేను ఇంటికి పోయిన రోజు లేదు. ఆ రోజు అడగలేదు. ఆమె చెప్పలేదు. వరండాలో నిలబడ్డ ఇంకొక పిల్లను లోపలికి పిలిచి తలుపు వేసింది. ఆ పిల్లతో వచ్చిన అత్తగారు తలుపు ముందు ఆగిపోయి నా వైపు చూసింది. నేను పక్కకు జరిగి బెంచీ మీద ఆమెకు చోటిచ్చాను.